పిల్లలు, పెద్దవాళ్లతో విజయవాడ నుంచి ఒక్కరోజు ట్రిప్: ఎలా వేసుకోవాలి

దసరా సెలవులైనా, సంక్రాంతి సెలవులైనా, ఎండాకాలం సెలవులైనా నన్ను అందరూ అడిగేది ఒకటే. "ఆదివారం ఒక్కటే ఖాళీ. చిన్నపిల్లలు ఇద్దరు, అత్తయ్యగారు కూడా వస్తారు. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి వచ్చేయాలి. ఎక్కడికి వెళ్లమంటారు?" ఫోన్లో ఒక్కొక్కరికీ అరగంట చెప్పేకన్నా, ఒకచోట వివరంగా రాసిపెడితే మేలనిపించింది.

మేం ఉండేది విజయవాడలో. మా అమ్మను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని పదేళ్లుగా తిరిగిన చోట్లే ఇందులో చాలావరకు ఉన్నాయి. ఊళ్ల పేర్లు ఎవరిని అడిగినా చెబుతారు. ఏ ఊరికి ఏ వేళకు చేరాలో చెప్పేవాళ్లు తక్కువ. మా ట్రిప్పులు పాడైన ప్రతిసారీ వేళ తప్పడం వల్లే పాడయ్యాయి. అందుకే ఇందులో గంటల లెక్క ఎక్కువగా కనిపిస్తుంది.

కావలసినవి

- మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో మూడు.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, వాటిని కలపడానికి ఖాళీ లీటరు సీసా ఒకటి.
- ఒక పూటకు సరిపడా ఇంటి తిండి, పేపరు ప్లేట్లు, చెత్త వేయడానికి పెద్ద కవరు.
- పెద్దవాళ్ల మందులు. డిక్కీలోని సంచిలో కాదు, చేతిలో ఉండే సంచిలో.
- పది, ఇరవై రూపాయల నోట్లు ఒక ఐదొందలకు. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు. చెప్పులు పెట్టే చోటా, కొబ్బరికాయల కొట్టు దగ్గరా చిల్లరే కావాలి.
- పాత దుప్పటి, రెండు తువ్వాళ్లు, పిల్లలకు ఇంకో జత బట్టలు, టోపీలు, చిన్న టార్చిలైటు.
- ఆధార్ కార్డులు.
- ప్రతి పిల్లాడి జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ. మాటలు బాగా వచ్చిన పిల్లలకైనా పెట్టండి. తప్పిపోయిన కంగారులో నంబరు గుర్తురాదు.

1. ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

ఊరు ఎంచుకునే ముందు కాగితం మీద రెండు విషయాలు రాయండి. వచ్చేవాళ్లలో అందరికన్నా చిన్నవాళ్ల వయసెంత? అందరికన్నా పెద్దవాళ్లు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? మీ ట్రిప్ హద్దులు ఈ రెండే. మిగతావాళ్లు ఎలాగోలా సర్దుకుంటారు.

మూడేళ్ల లోపు పిల్లలుంటే ఒకవైపు ప్రయాణం గంటన్నర దాటనివ్వకండి. ఐదు నుంచి పదేళ్ల వాళ్లయితే రెండున్నర గంటల వరకు పరవాలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను "ఎక్కగలవా అమ్మా?" అని అడగకండి. మనల్ని ఇబ్బంది పెట్టకూడదని ఎక్కేస్తాననే అంటారు. "మీరు కింద కూర్చుంటే మేం గంటలో వచ్చేస్తాం, నీడ చూసి కూర్చోబెట్టనా?" అని అడగండి. అప్పుడు మనసులో మాట బయటికొస్తుంది.

2. పెద్ద చోటు ఒకటి, పక్కనే చిన్న చోటు ఒకటి ఎంచుకోండి

ఒక రోజుకు ఒక పెద్ద చోటు, దారిలోనే పడే చిన్న చోటు ఇంకొకటి. మూడోది పెట్టుకోవద్దు. మూడో చోటికి చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు, పెద్దవాళ్లు బండి దిగరు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ముందుగా చెప్పేది మంగళగిరి, ఉండవల్లి. రెండూ కృష్ణకు అవతలి గట్టునే ఉన్నాయి. విజయవాడ నుంచి మంగళగిరి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ప్రకాశం బ్యారేజీ దాటగానే కొద్ది దూరంలో ఉండవల్లి. ఇక్కడ వరస ముఖ్యం. మంగళగిరి ముందు, ఉండవల్లి తరువాత.

కొండమీది పానకాల నరసింహస్వామి గుడిని మధ్యాహ్నం మూడు ప్రాంతంలో మూసేస్తారు. రాత్రిళ్లు దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం, అందుకని సాయంత్రం దర్శనం ఉండదు. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఇది తెలియక ముందు ఉండవల్లి చూసి, భోజనం చేసి, తీరిగ్గా కొండ దగ్గరికి చేరాం. అప్పటికే మూసేశారు. మా అమ్మ కింది మెట్టుకు దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

పొద్దున ఏడున్నరకల్లా కొండ కింద ఉండండి. మెట్లు ఎక్కలేనివాళ్లకు ఘాట్ రోడ్డు ఉంది. పైన స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తుంటే గుటకలు వేసిన శబ్దం వినిపిస్తుంది, మిగిలింది ప్రసాదంగా ఇస్తారు. పిల్లల్ని ముందువరసలో నిలబెట్టి, శబ్దం కోసం చెవి ఒగ్గమనండి. అంత పానకం ఒలికినా అక్కడ చీమలు కనిపించవంటారు. చీమల్ని వెతకమని చెబితే వాళ్లకు అదొక ఆట. కిందికి దిగాక లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం చూపించండి. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. 1800ల తొలి ఏళ్లలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించారు. దాని అంతస్తులు లెక్కపెట్టడం పిల్లలకు పందెం. ఆడవాళ్లకు మంగళగిరి చీరలు చూడాలని ఉంటే దానికి విడిగా ముప్పావుగంట రాసిపెట్టుకోండి. పది నిమిషాలంటే కుదరదు.

టిఫిన్ చేసి పదికల్లా ఉండవల్లి గుహలకు చేరవచ్చు. కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా చేసిన ఈ గుహలు క్రీస్తుశకం 4, 5 శతాబ్దాల నాటివి, విష్ణుకుండినుల కాలంవని చెబుతారు. ఒకే రాతిలో చెక్కిన అనంతపద్మనాభస్వామి పై అంతస్తులో పడుకుని ఉంటాడు. అక్కడ చీకటిగా ఉంటుంది. టార్చిలైటు తెమ్మన్నది అందుకే. తల నుంచి పాదాల దాకా మెల్లగా వెలుగు నడిపిస్తే, ఎంత పొడవున్నాడో పిల్లలకే తెలుస్తుంది. మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు కింది అంతస్తు చూసి పచ్చికలో చెట్టు నీడన కూర్చుంటే చాలు. పురావస్తు శాఖ చోట్లలో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇంటికి వచ్చేయవచ్చు. చిన్నపిల్లలకు ఇంత చాలు.

కొండపల్లి. ఊరి నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కోట 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కాలం నాటిది. ఘాట్ రోడ్డు మీద పైదాకా బండి వెళుతుంది. ఎక్కువమంది కోట మీదే పొద్దంతా గడిపి, బొమ్మల కాలనీకి అయిదు నిమిషాలిచ్చి వచ్చేస్తారు. మీరు తిరగేసి చేయండి. కోటకు గంటన్నర చాలు, అదీ పొద్దున తెరవగానే. తరువాత రాళ్లు కాలిపోతాయి. అసలు సంగతి కింద కాలనీలో ఉంది. తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, కాచి, చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో కాళ్లు, చేతులు అతుకుతారు. ఆపైన సున్నం పూసి రంగులేస్తారు. ఏ ఇంటి అరుగు దగ్గరైనా ఆగి "పిల్లలు చూస్తారు, కూర్చోనిస్తారా?" అని అడిగితే కాదనరు. వాళ్లు చెక్కుతుంటే వేలు పెట్టకూడదని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి. చూసి వచ్చేటప్పుడు చిన్న బొమ్మయినా కొనండి, అది వాళ్ల పనికిచ్చే మర్యాద. చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే సహజరంగులు వేసినవి కావాలని అడగండి.

అమరావతి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫోన్ మ్యాపులో ఒట్టి "అమరావతి" అని కొడితే రాజధాని ప్రాంతంలో వెలగపూడి, తుళ్లూరు వైపు తిప్పే ప్రమాదం ఉంది. మీరు వెళ్లాల్సింది పాత అమరావతి. "అమరేశ్వరస్వామి గుడి" అని కొట్టండి. విజయవాడ నుంచి నలభై కిలోమీటర్ల చిల్లర, గుంటూరు నుంచి ముప్పై అయిదు లోపు. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరుడి గుడి కృష్ణ ఒడ్డునే ఉంది. లింగం ఎంత పొడవంటే, పూజారులు పై అంతస్తుకు ఎక్కి అభిషేకం చేస్తారు. 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం, మహాచైత్యం మిగిలిన చోటు, పక్కనే మ్యూజియం ఉన్నాయి. స్తూపం దగ్గర మట్టిదిబ్బ, రాళ్లే కనిపించి పిల్లలు నిరుత్సాహపడతారు. అందుకని ముందు మ్యూజియం చూపించండి. స్తూపం ఎలా ఉండేదో అక్కడి శిల్పాల్లోనే చెక్కి ఉంది, అది చూశాక దిబ్బకు అర్థం వస్తుంది. ఇక్కడి శిల్పాలు చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయని కాస్త పెద్దపిల్లలకు చెప్పండి. "మనవి అక్కడెందుకున్నాయి?" అని తప్పకుండా అడుగుతారు. తిరుగు దారంతా ఆ కబుర్లతోనే గడిచిపోతుంది.

పక్షులు. గుంటూరు పక్కనే పది కిలోమీటర్ల దూరంలో ఉప్పలపాడు. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు, కొంగలు గూళ్లు పెడతాయి. ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటూ వచ్చారు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, అదీ పొద్దున ఏడుకో సాయంత్రం నాలుగు తరువాతో. మధ్యాహ్నం పోతే చాలా పక్షులు మేతకు వెళ్లి ఉంటాయి. పిల్లలతో కేకలేయించకండి. ఇంకా దూరం వెళ్లగలిగితే కొల్లేరు ఒడ్డున కైకలూరు పక్కనే ఆటపాక ఉంది.

సముద్రం. విజయవాడ వైపు నుంచి మచిలీపట్నం దాటి మంగినపూడి, గుంటూరు వైపు నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక. మంగినపూడిలో లోతు తక్కువ, నేల మాత్రం నల్లమట్టి. తెల్లబట్టలు వేయకండి. వచ్చేటప్పుడు బందరు లడ్డు కొనుక్కోవచ్చు. నాట్యం నేర్చుకునే అమ్మాయి ఉంటే పామర్రు దగ్గర పక్కకు తిరిగి కూచిపూడి చూపించండి. సూర్యలంకలో ఇసుక బాగుంటుంది, పిల్లలకు గూళ్లు కట్టుకోవడానికి అదే నచ్చుతుంది. నీటి జాగ్రత్తలు కింద విడిగా రాశాను, అవి చదవకుండా సముద్రానికి బయల్దేరకండి.

కోటప్పకొండ. నరసరావుపేట దగ్గర. గుంటూరు వాళ్లకు హాయైన ట్రిప్. పైదాకా ఘాట్ రోడ్డు ఉంది, దారిలో పిల్లల పార్కు, జింకలు ఉన్నాయి. బండి మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పితే, ఎక్కే ముందు పాలు పట్టకండి. మహాశివరాత్రికి ప్రభలు కట్టే తిరునాళ్ల చూడదగ్గదే గాని, చంటిపిల్లలతో ఆ జనంలోకి వద్దు.

నాగార్జునకొండ గురించి చాలామంది అడుగుతారు. మ్యూజియం దీవి మీద ఉంది, విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. విజయవాడ నుంచి రానుపోను ప్రయాణానికే ఏడెనిమిది గంటలు పోతాయి. ఒక్కరోజులో ఎత్తిపోతల జలపాతం కూడా కలిపి చూసేద్దామనుకునేవాళ్లకు నా సలహా, వద్దు. ఒక రాత్రి అక్కడ ఉండేలా వేసుకోండి, లేదా పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా ఆగండి.

ఎక్కడికీ కదలలేని రోజు ఊళ్లోనే పూట గడపవచ్చు. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. 1921లో కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఇక్కడే. ఆ గదిలో నిలబడి ఈ మాట చెబితే బడిలో చదివిన పాఠం పిల్లలకు కళ్లముందుకొస్తుంది. సాయంత్రం కృష్ణ మధ్యలోని భవానీ ద్వీపం.

3. తేదీ ఖాయం చేసే ముందు నాలుగు అడ్డంకులు చూడండి

శుక్రవారం. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. మిగతా ఏ మ్యూజియానికి వెళ్లినా ముందురోజే సెలవెప్పుడో కనుక్కోండి.

మధ్యాహ్నం. అమరేశ్వరుడి గుడితో సహా చాలా గుళ్లు మధ్యాహ్నం మూసి, మళ్లీ సాయంత్రం తెరుస్తారు. గుడి పొద్దున పెట్టుకుంటే ఈ చిక్కు లేదు.

పండగలు. దసరా నవరాత్రుల్లో, అందులోనూ మూలానక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి చుట్టూ దారులు మళ్లిస్తారు. బ్యారేజీ మీదుగా వెళ్లే ట్రిప్ ఏదీ ఆ రోజుల్లో వద్దు. కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాల జనంతో ప్రతి తోటా, ప్రతి గట్టూ నిండి ఉంటుంది. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో స్నానాల రద్దీ. కార్తీకంలో వెళ్లాలనుకుంటే శనివారం చూసుకోండి. ఉసిరిచెట్టు కింద భోజనం చేయడానికి ఆదివారమే కానక్కరలేదు.

వరద. జులై నుంచి అక్టోబరు దాకా కృష్ణకు పైనుంచి నీళ్లొస్తాయి. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారని వార్త వచ్చిందంటే భవానీ ద్వీపానికి పడవలు ఆపేస్తారనుకోండి. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చిన సంగతి బెజవాడ వాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ నెలల్లో పడవ లేని ట్రిప్ ఒకటి కూడా సిద్ధంగా ఉంచుకోండి.

ఎండ గురించి ఒక్క మాట. మే నెలలో బెజవాడ నుంచి పగటి ట్రిప్ వద్దు. తప్పదంటే పొద్దున ఐదున్నరకు బయల్దేరి పదిన్నరకు ఇంట్లో పడండి.

4. బండి మాట్లాడుకోండి

నలుగురైదుగురు ఉండి, పెద్దవాళ్లుంటే రోజు అద్దెకు కారు సుఖం. మాట్లాడేటప్పుడే నాలుగు విషయాలు తేల్చుకోండి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, టోలుగేట్ డబ్బు ఎవరిది, డ్రైవరు భోజనం సంగతేంటి. ఒకసారి మేం గంటల మాట మరిచిపోయి సాయంత్రం గొడవపడాల్సి వచ్చింది. ఫోన్లో మాట్లాడిందే మళ్లీ వాట్సాప్‌లో రాసి "సరేనా?" అని అడగండి. ఆయన "సరే" అని జవాబిస్తే ఇద్దరికీ మంచిది.

బస్సు కూడా చక్కటి దారి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. ఆధార్ తెమ్మన్నది ఇందుకే. వదినలు, అత్తలు, ఆడపిల్లలు కలిసి వెళ్లే ట్రిప్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

సూర్యలంకకైతే రైలు మేలు. బాపట్ల స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున తీసుకెళ్లిన ఆటో అబ్బాయినే సాయంత్రం ఫలానా గంటకు రమ్మని చెప్పి, నంబరు తీసుకుని, తిరుగు ప్రయాణం డబ్బులు వచ్చాకే ఇవ్వండి.

5. ముందురోజు రాత్రి పనులు

పులిహోర చేసుకోండి. పొద్దున చేసి చల్లార్చి కట్టిన పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. రాత్రే చేయాలంటే పులుసు, పోపు రాత్రి సిద్ధం చేసి అన్నం పొద్దున కలపండి. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది. అంతగా కావాలంటే అన్నంలో పాలు ఎక్కువ పోసి చెంచాడు పెరుగు వేసి కలిపి పట్టుకెళ్లండి, తినే వేళకు తోడుకుంటుంది. కొబ్బరి పచ్చడి వద్దు. చపాతీలకు బంగాళాదుంప వేపుడు, నంజుకోవడానికి ఊరగాయ చాలు. వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగించడం అందరం చేసే తప్పే. ఆవిరి పట్టి తొందరగా పాడవుతుంది. పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు వేసి కలపడం తప్పు, పాళ్లు చెడిపోతాయి. ప్యాకెట్ మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. కలిపింది ఆ రోజుకే.

ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టండి. మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. సంచులన్నీ గుమ్మం దగ్గరికి చేర్చి పడుకోండి.

6. ఆ రోజు వేళలు

చోటు ఏదైనా నేను పాటించే కొలత ఇది. తొమ్మిదిలోపు ఎక్కే పనులు, నడిచే పనులు. పదకొండు దాకా చూసే పనులు. పన్నెండుకు భోజనం. భోజనం తరువాత రెండు గంటలు ఏమీ పెట్టుకోవద్దు. దుప్పటి పరిచి చెట్టు కింద పడుకోండి, లేదా అదే సమయంలో బండి ప్రయాణం పెట్టుకుంటే పిల్లలు నిద్రపోతారు. "ఇంతదూరం వచ్చాం కదా" అని ఆ రెండు గంటల్లో ఇంకో చోటు ఇరికిస్తే నాలుగింటికి ఇంటిల్లిపాదీ చిరాకు పడతారు.

మరుగుదొడ్డి కనిపించినప్పుడల్లా అందరినీ పంపండి, అవసరం లేదన్నా సరే. హైవే మీద పెద్ద పెట్రోలు బంకులు, ఊళ్లలో బస్టాండ్లు చూసుకోండి. నీళ్లు తాగితే దారిలో ఇబ్బందని ఆడవాళ్లు, పెద్దవాళ్లు పొద్దున్నుంచీ గొంతు తడుపుకోకుండా ఉంటారు. వాళ్ల సీసాలో నీళ్లు ఎంత తగ్గాయో మీరే చూస్తుండండి. పది దాటినా సగం తగ్గలేదంటే గ్లాసులో పోసి చేతికివ్వండి.

కొండల మీద కోతులుంటాయి. తిండి సంచి చేతిలో ఊపుకుంటూ నడవకండి. పిల్లల చేతిలో అరటిపండు, చిప్స్ ప్యాకెట్ ఉండకూడదు. కోతి లాక్కుంటే వదిలేయమనండి, వెనక్కి లాగకూడదు. పొరపాటున గీరినా, కరిచినా సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసుపు అద్ది ఊరుకోవద్దు.

7. నీళ్ల దగ్గర

ఇది నిదానంగా చదవండి.

2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవైమందికి పైగా చనిపోయారు. కార్తీకమాసం ఆదివారం సాయంత్రం, మనలాగే సరదాగా వచ్చిన కుటుంబాలు. అప్పటినుంచి మా ఇంట్లో నియమం ఒకటే. ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కం. ఇచ్చాక కూడా పట్టీలు కట్టి, పిల్లాడి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది పెద్దదైపోయినట్టు, చిన్నది అడగండి. లేదంటే దిగిపోండి. "రెండు నిమిషాల ప్రయాణమేనండీ" అన్న మాట వినొద్దు. టూరిజం వాళ్ల కౌంటర్లో టికెట్ ఇచ్చే పడవే ఎక్కండి. గట్టున నిలబడి తక్కువకు తిప్పుతామనేవాళ్లది వద్దు.

సముద్రంలో మోకాలి లోతు దాటనివ్వకండి, ఈత వచ్చినవాళ్లనైనా సరే. వెనక్కి లాగే కెరటం ఈతగాళ్లనూ లాగేస్తుంది. ఎర్రజెండా, తాడు కట్టిన హద్దు, పోలీసుల విజిల్, ఈ మూడింటికీ ఎదురు చెప్పకండి. నీళ్లలోకి దిగే ముందు ఏ పిల్లాణ్ణి ఎవరు చూడాలో పేరుపెట్టి చెప్పండి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదని. చూసేవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. ఫొటోలు నీళ్లు దిగకముందో, బయటికి వచ్చాకో తీసుకోండి.

ఎవరైనా లాగుడులో పడితే వెనకే దూకకండి. తాడో, చీరో, ఖాళీ డబ్బానో విసిరి కేకలేయండి. 112కు, 108కి ఫోన్ చేయండి.

నది ఘాట్లలో పాకుడు పట్టిన మెట్లు ఇంకో ప్రమాదం. పెద్దవాళ్లు స్నానం చేస్తామంటే గొలుసు, లేదా రెయిలింగ్ ఉన్నచోటే, పక్కన మనిషి ఉండగానే.

8. తిరుగు ప్రయాణం

సాయంత్రం ఐదుకు బండి కదలాలి. నాలుగున్నరకే కదలాలని చెప్పి నాలుగు నుంచే సర్దడం మొదలుపెడితే కుదురుతుంది. వారధి దగ్గర ఆదివారం రాత్రి ట్రాఫిక్ పెరుగుతుంది. ఏడులోపు ఊళ్లోకి వస్తే మరుసటి రోజు బడికి పిల్లలు వేళకు లేస్తారు. తిన్న చోట ఆకు, కవరు మిగల్చకుండా మీ చెత్త మీ కవరులోనే ఇంటికి తెచ్చి పారేయండి. ఉప్పలపాడు లాంటి చోట ప్లాస్టిక్ పక్షుల గూళ్లలోకి చేరుతుంది.

సరిగ్గా వేసుకున్నారో లేదో చూసుకోవడం ఎలా

ముందురోజు రాత్రి మీ ప్లానును ఇంట్లో పెద్దపిల్లాడికి చెప్పి, తిరిగి చెప్పమనండి. వాడు రెండు చోట్ల పేర్లు, బయల్దేరే వేళ తడుముకోకుండా చెప్పగలిగితే ప్లాను సరైన కొలతలో ఉన్నట్టు. మూడో పేరు వాడికి గుర్తులేదంటే ఆ మూడోదాన్ని కొట్టేయండి.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకు మూడు చూడండి. పెద్ద చోటు చూడటం అయిపోయిందా? పెద్దవాళ్లు మందులు వేసుకున్నారా? నీళ్ల సీసాలు సగానికి తగ్గాయా? మూడూ అయితే సాయంత్రం చిన్న చోటు చూడవచ్చు. ఏ ఒక్కటి కాకపోయినా చిన్న చోటు వదిలేసి ఇంటి దారి పట్టండి. పిల్లాడికి ఒళ్లు వేడెక్కి, చెమట ఆగిపోయి, మత్తుగా ఉంటే ఇక ప్లాను సంగతి మరిచిపోండి. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మత్తులో ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోయకండి.

మర్నాడు పొద్దున అమ్మనో, అత్తగారినో కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడగండి. మామూలుగా లేచి కాఫీ పెట్టుకుంటే ఆ దూరం, ఆ మెట్లు వాళ్లకు సరిపోయినట్టే. మంచం దిగలేకపోతే వచ్చేసారి అందులో సగం పెట్టుకోండి. సంచి విప్పేటప్పుడు వాడకుండా మిగిలినవి, తీసుకెళ్లక ఇబ్బంది పడినవి ఒక నోటుబుక్కులో రాయండి. మా పుస్తకంలో మొదటి పేజీలో "మంగళగిరి కొండ: పొద్దున్నే" అని ఉంది, చివరి పేజీలో "సూర్యలంక: ఇంకో రెండు తువ్వాళ్లు" అని ఉంది.